తెగిన పోగును అతుకు విద్య



బొంబాయి నగరమునకు ఈశాన్యదిశగా, ఠాణా జిల్లాలోని భివండీ పట్టణమున, వరాలదేవి చెరువు సమీపమున నున్న కామత్‌ఘర్ మా నివాసము. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతములనుండి తరములకు ముందే వలసవచ్చిన పద్మశాలీల కుటుంబములు ఈ పేటలోను, ప్రక్కనున్న పద్మానగరములోను వేలకొలదిగా స్థిరపడినవి. పగటి పాళీ ముగియగానే రాత్రి పాళీ మొదలగుచు, ఇనుపసాంచాలు, అనగా మరమగ్గములు, ఎడతెగక ఆడుచుండెడి ఈ ఊరిలో పుట్టి పెరిగిన వారికి ఆ చప్పుడు నిద్రాభంగము చేయదు. అది హఠాత్తుగా ఆగినప్పుడే మాకు మెలకువ వచ్చును.

అట్లు సాంచాలన్నియు నిలిచిన ఒక సెలవునాటి సాయంకాలమున, మా ఇంటి ముందరి అరుగుమీద కూర్చుండి, డిప్లొమా చదువుచున్న ఒక కుర్రవాడు తన చేతిఫోనులో ఏదో దృశ్యమును తాతకు చూపుచుండగా, నేనును తొంగిచూచితిని. ఆ తాత నలుబది యేండ్లు జాబరుగా, అనగా చెడిన సాంచాలను సవరించు మేస్త్రీగా పనిచేసి విశ్రమించినవాడు. తెరమీద, పారదర్శకములైన దళసరి గోడల నడుమ, రెండు యంత్రములు పోరాడుచున్నవి. ఒకటి నేలను ఆనుకొని జారు వాలుబల్ల వంటిది. రెండవదాని ముందుభాగమున ఒక ఉక్కుకమ్మి కంటికి ఆనని వేగముతో తిరుగుచున్నది. అవి తాకిన క్షణమున నిప్పురవ్వలు లేచినవి, ఒక తునక ఎగిరి గోడకు తగిలినది, ప్రేక్షకులు కేకలు వేసినారు. కుర్రవాడును కేక వేసినాడు. ముసలివాడు మాత్రము, "గా కొట్టుడు మల్ల సూద్దాం గని, ఆ పట్టా బిగిచ్చిన జాగ ఇంకోసారి సూపియ్యి బిడ్డా. దెబ్బ తాకంగనే పట్టా ఊడింది, సక్రానికి ఏం గాలే," అన్నాడు. "తాతా, మల్ల కొట్లాటకు దిగేలోపల గదంత వాళ్లే బాగు జేసుకోవాలె," అని మనుమడు చెప్పగా, ఆయన కొంతసేపు ఆలోచించి, "మరి గదే అసలు కొట్లాట," అన్నాడు.

ఆ ఒక్క మాటయే నా నేటి ప్రసంగమునకు బీజము. ఇంటిలో, చేతికి దొరికిన సామగ్రితో, సామాన్యులు నిర్మించుకొన్న యుద్ధయంత్రములను టెలివిజను తెరమీద పోటీకి నిలుపు ఈ క్రొత్త క్రీడనుగూర్చి నేను చెప్పదలచినది ఇంతే: తెర మనకు చూపునది మూడు నిమిషముల పోరు, దానికి ముందు నెలలతరబడి సాగిన నిర్మాణమును, దాని తరువాత కొన్ని గంటలలో ముగియవలసిన మరమ్మతును చేయు చేతులే ఆ క్రీడకు ప్రాణము. అట్టి చేతులు మా కామత్‌ఘర్‌లో ఇంటింటను కలవు. కంటికి కనబడని ఆ భాగమును వర్ణించుటకు, కంటితో పనిలేని రేడియోకంటె అనువైన సాధనము మరి యేది?

మొదట ఈ క్రీడయొక్క పుట్టుపూర్వోత్తరములను విన్నవించెదను. అమెరికాలో చలనచిత్రములకు నమూనాలను, చిత్రవిచిత్ర యంత్రములను తయారుచేయు ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థలో పనిచేసిన మార్క్ థోర్ప్ అను శిల్పి, 1992 ప్రాంతమున, దూరమునుండి నడుపదగిన ఒక దుమ్ముపీల్చు యంత్రమును ఇంటి అవసరమునకై నిర్మింపబూని, అది ఇల్లు శుభ్రపరచుటలో అక్కరకు రాకపోగా, దానికి ఆయుధములు తగిలించినచో ఎట్లుండునని ఊహించినాడు. ఆ ఊహ పెరిగి పెద్దదై, 1994 ఆగస్టులో శాన్ ఫ్రాన్సిస్కో నగరమందలి ఫోర్ట్ మేసన్ ప్రాంగణమున 'రోబాట్ వార్స్' అను పేర మొదటి పోటీగా రూపొందినది. ఆ పేరే సముద్రముదాటి ఇంగ్లండు చేరి, 1998 ఫిబ్రవరి 20వ తేదీన బి.బి.సి. రెండవ చానలులో టెలివిజను కార్యక్రమముగా ప్రారంభమైనది. అమెరికాలో 'బాటిల్‌బాట్స్' అను మరియొక పోటీ 1999లో లాంగ్ బీచ్ నగరమున జరిగి, మరుసటి యేట కామెడీ సెంట్రల్ చానలు ద్వారా ఇంటింటికి చేరినది. కొంతకాలము రెండును నిలిచిపోయి, అమెరికా కార్యక్రమము 2015లోను, బ్రిటిషు కార్యక్రమము 2016లోను పునర్జన్మ నెత్తినవి.

బ్రిటిషు కార్యక్రమముయొక్క మొదటి పర్యాయమున విజేతగా నిలిచిన యంత్రముపేరు 'రోడ్‌బ్లాక్'. అది మహాసంస్థల ప్రయోగశాలలో పుట్టినది కాదు. ఇంగ్లండు నైరుతికొనయందున్న కార్న్‌వాల్ సీమలో, బాడ్మిన్ అను చిన్నయూరి పాఠశాలకు చెందిన జట్టు దానిని నిర్మించినది. ఒకవైపు ఎదుటి యంత్రము క్రిందికి దూరి పైకెత్తు వాలు, మరియొకవైపు తిరుగు రంపపుచక్రము, ఇవే దాని సంపద. తక్కిన యంత్రములలో నోరు తెరచునవి, గొడ్డళ్లు ఊపునవి, భీషణాకారము దాల్చినవి ఎన్నియో ఉండగా, బల్లపరుపుగా, నిరాడంబరముగా, ఎక్కడ తాకినను ఊడనట్లు బిగించిన ఆ యంత్రమే చివరివరకు కదలుచు నిలిచినది. పది లెక్కించునంతసేపు కదలనిది ఓడినట్లే అను నియమము ఈ క్రీడలో స్థిరపడినది; కావున గెలుపునకు ప్రథమసూత్రము శత్రువును పగులగొట్టుట కాక, తన చక్రములను తిరుగుచుండునట్లు కాపాడుకొనుటయే అయినది.

ఈ యంత్రములలో ఏమేమి ఉండునో చూతము. ప్రారంభదశలో బ్రిటిషు నిర్మాతలు అనేకులు వికలాంగుల చక్రాలకుర్చీలకు అమర్చు విద్యున్మోటార్లను సంపాదించి తమ యంత్రములకు కాళ్లుగా వాడినారు. మనదేశపు విద్యార్థులకు అంతకన్న సులభముగా దొరకునది కారు అద్దములను తుడుచు వైపరు మోటారు. శక్తికి మొదట సీసపు బ్యాటరీలు, పిమ్మట నికెల్-కాడ్మియమ్‌వి, నేడు తేలికయై, బలమధికమై, గాయపడినచో మండిపోవు లిథియమ్-పాలిమర్ బ్యాటరీలు. దేహమునకు ఉక్కు, అల్యూమినియమ్, స్తోమతు గలవారికి టైటానియమ్. ఈ పరికరములలో ఎలక్ట్రానిక్సుకు సంబంధించిన ప్రతిదియు బొంబాయి లామింగ్టన్ రోడ్డు అంగళ్లలో వెదకినచో లభించును. ఇనుమునకు సంబంధించినది మా భివండీలోనే తుక్కుదుకాణములలో దొరకును. ఇక్కడి హిందీ మరాఠీలలో తుక్కును 'భంగార్' అందురు. తెలుగువాడు ఒక ఒత్తును తీసివేసినచో అది బంగారమునకు దగ్గర బంధువు. తుక్కులో బంగారమును చూడగల కన్నే ఈ విద్యకు మొదటి పెట్టుబడి.

ఆ కన్ను ఎట్టిదో తెలుపు ఉదాహరణ మొకటి కలదు. తరువాతి కాలమున 'మిత్‌బస్టర్స్' కార్యక్రమమువలన లోకప్రసిద్ధుడైన జేమీ హైనమన్, 1995లో శాన్ ఫ్రాన్సిస్కో పోటీకి 'బ్లెండో' అను యంత్రమును తెచ్చినాడు. వంటశాలలో వేపుళ్లు చేయు పెద్ద బాండలిని బోర్లించి, దాని అంచుకు ఉక్కుపలుగులు తగిలించి, గడ్డికోయు యంత్రముయొక్క ఇంజనుతో దానిని గిరగిర త్రిప్పినాడు. ఎదుటి యంత్రముల తునకలు రక్షణగోడను దాటి ప్రేక్షకులవైపు ఎగురసాగగా, నిర్వాహకులు భయపడి, దానిని పోటీనుండి విరమింపజేసి, సహవిజేతగా ప్రకటించినారు. ఒక వంటపాత్రకు అంతటి ప్రతాపము ఎక్కడినుండి వచ్చినది? అది గతిశక్తియొక్క మహిమ.

తిరుగు వస్తువులో నిలువయుండు శక్తి, వేగము ఇబ్బడించినచో నాలుగింతలగును; వేగము ముమ్మడించినచో తొమ్మిదింతలగును. పది కిలోల బరువు, నలుబది సెంటీమీటర్ల వ్యాసము గల ఒక ఉక్కుబిళ్లను నిమిషమునకు 3,000 చుట్లు తిరుగునట్లు చేసితిమనుకొనుడు. అప్పుడు దానిలో నిలువయగు శక్తి, నూరుకిలోల మూటను సుమారు పదిమీటర్ల ఎత్తునకు, అనగా మూడంతస్తుల మేడమీదికి, లేపుటకు చాలినంత. చిన్న మోటారు కొన్ని సెకనులపాటు నెమ్మదిగా కూడబెట్టిన ఈ ధనమంతయు, తాకిన ఒక్క రెప్పపాటులో ఖర్చయిపోవును; అందువలననే ఆ నిప్పురవ్వలు, ఆ మ్రోత. కొట్టిన యంత్రమునకును అంతే దెబ్బ తగులును. శత్రువుపై పడిన తాడనము తన ఇరుసును, తన పట్టాను, తన మరలను తాకి తిరిగివచ్చును. ముసలి జాబరు కన్ను పట్టాబిగింపుమీద పడుటకు కారణమిదియే. కొట్టుటకు కావలసిన బలముకన్న, కొట్టిన దెబ్బను తాను ఓర్చుకొనుటకు కావలసిన నేర్పు గొప్పది.

ఆయనకు ఈ రహస్యము ఏ పుస్తకమువలన తెలిసినది కాదు. సాంచాలో నాడె చేయు పనియు ఇదియే. నిమిషమునకు నూటయిరువది మొదలు నూటయేబది సారులవరకు, ఉక్కుమొనలు గల కొయ్యనాడెను ఒక కర్ర ఈ కొసనుండి విసరగా, అది పడుగుపోగుల నడుమ దూసికొనిపోయి, ఆ కొస పెట్టెలో టక్కున ఆగవలెను; మరుక్షణమే తిరిగి రావలెను. విసరుట సులభము. ఆపుటయందే శిల్పమున్నది. ఆపుట సరిగా కుదరనిచో నాడె ఎగిరి బయటపడును. ఎగిరిన నాడె తగిలి గాయపడినవారు నేతపేటలలో అరుదు కారు. బలమును పుట్టించుట, ప్రసరింపజేయుట, అణచుట అను మూడు పనులను దినమునకు పండ్రెండు గంటలు కన్నులార చూచుచు జీవించినవారికి, ఆ పారదర్శక గోడల నడుమ జరుగునది విదేశీ వినోదముగా తోచదు. తమ వృత్తియే మరియొక వేషము ధరించి వచ్చినట్లుండును.

ఇక ఈ యంత్రములను నడుపు అదృశ్యసూత్రమును గూర్చి చెప్పవలెను. నా మాటను మీ చెవులకు చేర్చుచున్న విద్యుదయస్కాంత తరంగముల జాతికి చెందినవే, ఎక్కువ కంపనములుగల తరంగములు, గోడ కీవల నిలిచిన నిర్మాతయొక్క ఆజ్ఞను ఆవలనున్న యంత్రమునకు మోసికొనిపోవును. ఈ విద్యకు వయస్సు నూరేండ్లు దాటినది. 1895లో కలకత్తా టౌన్ హాలులో జగదీశ చంద్ర బోసు, ఎట్టి తీగయు లేకయే, గోడలగుండ పంపిన తరంగములతో దూరమందలి గంటను మ్రోగించి, తుపాకిమందును పేల్చి చూపినాడు. 1898లో న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెనులో నికోలా టెస్లా, నీటితొట్టిలో తేలు చిన్న పడవను తీగలేకయే త్రిప్పి జనులను విస్మయపరచినాడు. నేటి యంత్రములు సెకనుకు సుమారు 240 కోట్ల కంపనములుగల తరంగములతో నడుచుచున్నవి.

ఈ పోటీల నిబంధనలలో నన్ను మిక్కిలి ఆకర్షించినది ఒకటి కలదు. నడుపువాని చేతినుండి వచ్చు రేడియో సంకేతము ఏ కారణముచేతనైనను తెగిపోయినచో, యంత్రము తనంతట తానే ఆగిపోవలెను, ఆయుధముకూడ నిలిచిపోవలెను. ఆ విధముగా ఆగునని ముందుగా పరీక్షకులకు చూపిననేగాని ఏ యంత్రమునకును రంగప్రవేశము లేదు. ఇది విన్నప్పుడు నాకు సాంచాలోని పేకముల్లు స్ఫురించినది. పేకపోగు ఉన్నదో లేదో నాడె వచ్చిన ప్రతిసారియు తడిమి చూచు చిన్న ఇనుపముల్లు సాంచా ప్రక్కన ఉండును. పోగు తెగినచో ఆ ముల్లునకు ఆధారము తప్పును. తప్పినంతనే సాంచా నిలిచిపోవును. లేనియెడల పేకలేని గుడ్డ, అనగా పడుగు మాత్రమే మిగిలిన వ్యర్థము, గజములకొలదిగా చుట్టుకొనుచుపోవును. తన్ను పాలించు దారము తెగినప్పుడు ఆగుట నేర్చిన యంత్రమే సభ్యయంత్రము. ఆగుట ఓటమి కాదు. తెగిన పోగును మనుష్యుడు వచ్చి అతికించుటకై యంత్రము చూపు వినయము.

ఇచ్చట ఒక ఆక్షేపమును ఎదుర్కొనవలసియున్నది. కష్టపడి నిర్మించిన యంత్రములను పరస్పరము ధ్వంసము చేయించుట వినోదమా? పిల్లలకు ఇది నేర్పదగిన పాఠమా? అని పెద్దలు అడుగుటలో న్యాయము లేకపోలేదు. పోరాటమును చూచుటయందు మానవునకు గల కుతూహలము ప్రాచీనము. కోడిపందెము మిషగా రగిలిన పగ పల్నాటిసీమను పండ్రెండవ శతాబ్దమున ఎట్టి వినాశమునకు ఈడ్చినదో తెలుగువాడెరుగనిది కాదు. నేటికిని సంక్రాంతి దినములలో కత్తులుకట్టిన కోళ్లు నెత్తురోడుచునే యున్నవి. మూగజీవముల నెత్తురుతో తీర్చుకొను ఆ కుతూహలమును, నొప్పి యెరుగని ఇనుముమీదికి మరల్చుట ఒక మెట్టు పైకెక్కుటయే యని నా విశ్వాసము. అయినను అంతమాత్రమే చెప్పి తప్పించుకొనజాలను. పందెపుకోడిని పెంచినవాడు దానిని సృష్టించినవాడు కాడు. దాని ఓటమిలో వాడు నేర్చుకొనునది ఏమియు లేదు. యంత్రమును నిర్మించినవాడు తన సృష్టి ఎచ్చట విరిగినదో, ఏల విరిగినదో, విరిగిన తునకను చేతబట్టుకొని పరీక్షించును. మేకు సన్నమైనదా? అతుకు చల్లారకముందే బిగించితినా? బరువు ఒకవైపు ఎక్కువైనదా? ఇన్ని ప్రశ్నలను ఇంత స్పష్టముగా వేయు పరీక్షాపత్రము ఏ విశ్వవిద్యాలయమును తయారుచేయలేదు. పగ మిగిల్చు పోరాటము వేరు, ప్రశ్న మిగిల్చు పోరాటము వేరు.

ఈ క్రీడలో ఓడినవారు గెలిచినవారికి తమ పనిముట్లను, అదనపు మోటార్లను ఎరువిచ్చుట సామాన్యాచారము. బ్రెజిల్ దేశమున రియో నగరపు కాథలిక్ విశ్వవిద్యాలయములో ఆచార్యుడైన మార్కో మెజ్జోలారో, తన విద్యార్థుల జట్టు ఎన్నియో పోటీలలో గడించిన అనుభవమంతయు, లోహముల ఎంపిక మొదలుకొని మరలబిగింపువరకు, ఒక బృహద్గ్రంథముగా వ్రాసి, 2009లో ఆంగ్లమున ఎల్లరకును ఉచితముగా అందజేసినాడు. రేపు తనతో తలపడబోవు ప్రత్యర్థికి తన రహస్యములన్నియు నేడే చెప్పివేయు మల్లుడు పూర్వకథలలో కానరాడు. విద్యయందలి ప్రేమ గెలుపునందలి ప్రేమను మించినప్పుడు మాత్రమే ఇట్టిది జరుగును.

'రోబో' అను మాటయొక్క జన్మకథను ఇప్పుడు చెప్పెదను. ఇది మా జనుల జీవితమునకు ఎంత దగ్గరిదో మీరే గ్రహింతురు. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో వ్రాసిన ఒక నాటకములో, మనుష్యుల కొరకు పాటుపడు కృత్రిమజీవులకు ఏ పేరు పెట్టవలెనా యని తడుముకొనుచుండగా, ఆయన అన్న జోసెఫ్ 'రోబాట్' అను పేరును సూచించినాడు. దానికి మూలము 'రోబోత' అను చెక్ పదము; అర్థము, ప్రభువులకు కూలి లేక చేయవలసిన నిర్బంధసేవ. తెలంగాణములో పుట్టినవాడెవ్వడును ఈ మాటకు తెలుగుకై నిఘంటువును వెదకనక్కరలేదు. అది వెట్టి. నిజాము రాజ్యమున దొరగడీలకు చేసిన ఆ వెట్టిని కన్నవారి, విన్నవారి మనుమలు మునిమనుమలు నేడు మా వీధిలో కాపురమున్నారు. అప్పులు, కరవులు, మగ్గమునకు నూలు దొరకని దినములు వారిని షోలాపురమునకు, బొంబాయికి, భివండీకి తరిమినవి. 1982 జనవరిలో, దత్తా సామంత్ నాయకత్వమున, బొంబాయి మిల్లులలోని సుమారు రెండున్నర లక్షలమంది కార్మికులు మొదలుపెట్టిన మహాసమ్మె పిమ్మట, మూతబడిన మిల్లులనుండి నేతపని మరింతగా మరసాంచాల పేటలవైపు మళ్లినది. చేతిమగ్గమునకు యజమానియై యుండినవాడు మరసాంచాకు కాపరియైనాడు. యంత్రము ఎంత వేగముగా ఆడిన అంత వేగముగా తానును ఆడవలసి వచ్చినప్పుడు, ఎవరు ఎవరికి వెట్టిచేయుచున్నారో చెప్పుట కష్టమగును.

ఆ సంబంధమును తలక్రిందులు చేసిన ఒక మహనీయుని కథ మనకు అతి సమీపమున నున్నది. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశము, పోచంపల్లి చీరలకు పోగులను అమర్చు ఆసుపని చేయుచు తల్లి లక్ష్మి పడిన బాధను బాల్యమునుండి చూచినాడు. అర్ధచంద్రాకారముగా నిలిపిన మేకులచుట్టును నూలును త్రిప్పుటకు, ఒక్క చీరకు తొమ్మిదివేల మారులు చేయి ఇటునటు ఆడవలెను. దినమునకు రెండు చీరలన్న పదునెనిమిదివేల మారులు. పెద్ద చదువు లేని ఆ యువకుడు 1992లో మొదలిడి, చేసినది విప్పి, విప్పినది మరల చేసి, ఏడేండ్లు శ్రమించి, 1999లో ఆసుయంత్రమును పూర్తిచేసి, దానికి తల్లిపేరే పెట్టుకొన్నాడు. భారతప్రభుత్వము 2017లో పద్మశ్రీ బిరుదముతో ఆయనను గౌరవించినది. యుద్ధరంగము లేదు, ప్రేక్షకులు లేరు, కేకలు లేవు. ఆయన ప్రత్యర్థి తల్లి భుజములోని నొప్పి. ఆ పోటీలో గెలుపు ఎవరిదో ఆలేరు పరిసరములందలి నేతయింటి స్త్రీలు చెప్పుదురు.

మల్లేశము పనియు, రోడ్‌బ్లాకు పనియు ఒకే జాతివని నేననుట సాహసముగా తోచవచ్చును. కాని చరిత్ర నాకు సాక్ష్యము చెప్పుచున్నది. ఫ్రాన్సుదేశమున 1739లో గింజలు తిని జీర్ణించుకొనునట్లు కనబడెడి రాగిబాతును ప్రదర్శించి రాజసభలను అబ్బురపరచిన ఝాక్ ద వోకాన్సన్, కొద్ది యేండ్లలోనే స్వయముగా నడచు పట్టుమగ్గమును నిర్మించినాడు. ఆ మగ్గమును పరిశీలించి మెరుగుపరచినవాడే, చిల్లులు పొడిచిన అట్టముక్కలతో పూలనేతను శాసించిన ఝకార్డు. ఆ చిల్లుల అట్టలే తరువాత గణనయంత్రములకు దారిచూపినవి. ఆటబొమ్మను చేసిన చేయియే మగ్గమును చేసినది. మగ్గమును చేసిన చేయియే ఆలోచించు యంత్రమునకు అంకురము వేసినది. ఆటను తక్కువచేసి చూచు జాతి యంత్రమును కొనుక్కొనగలదేగాని సృష్టింపజాలదు.

మనదేశములో ఈ క్రీడ ఇంజనీరింగు కళాశాలల ఉత్సవములలో వేళ్లూనినది. మాకు కొన్ని మైళ్ల దూరములో, పవాయి సరస్సు ఒడ్డున, బొంబాయి ఐ.ఐ.టి. విద్యార్థులు 1998లో ప్రారంభించిన 'టెక్‌ఫెస్ట్' ఉత్సవమున రోబో యుద్ధములను చూచుటకు వేలాదిమంది గుమిగూడుదురు. విదేశపు జట్లుకూడ వచ్చి పాల్గొనుచున్నవి. మా వారు విడిచివచ్చిన సీమయందును, 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన వరంగల్లు కళాశాలలో, నేటి ఎన్.ఐ.టి.లో, 'టెక్నోజియాన్' ఉత్సవమున ఇట్టి పోటీలు జరుగుచున్నవి. అదే వరంగల్లులో 1934లో వెలసి, వేలమందికి అన్నముపెట్టి, చివరకు మూతబడిన ఆజంజాహీ మిల్లు జ్ఞాపకము వచ్చినప్పుడు, ఒక యంత్రశాల మూగవోయిన నగరమున మరియొక విధమైన యంత్రనాదము లేచుచున్నదని మనస్సు కొంత ఊరటచెందును.

కాని ఆ ప్రాంగణముల గోడలకు వెలుపల, యంత్రముల నడుమనే పుట్టి పెరుగుచున్న పిల్లల మాటయేమి? మా పేటలో పదేండ్ల బాలుడు మోటారు వేడెక్కినదో లేదో దాని మీద చేయి వేసి చెప్పగలడు. కండెలు చుట్టు తల్లి ప్రక్కన కూర్చున్న బాలిక, కదురు చప్పుడులో వచ్చిన తేడానుబట్టి ఏ కండె చెడినదో గుర్తింపగలదు. ఈ జ్ఞానమునకు మార్కులు లేవు, పేరు లేదు. పాఠశాలలో వారికి యంత్రమనగా పుస్తకములోని బొమ్మ. ఇంటిలో యంత్రమనగా తండ్రి ఆయువును పీల్చునది. ఈ రెండింటి నడుమ మూడవ చోటు ఒకటి ఉండవలెను. అది ఒక పెద్దగది, నాలుగు బల్లలు, ఒక లేతుయంత్రము, ఒక వెల్డింగుపెట్టె, కండ్లకు రక్షణయద్దములు, మంటలార్పు ఇసుకబకెట్లు, వారమునకు రెండు సాయంకాలములు వచ్చి కూర్చుండు ఒక విశ్రాంత జాబరు. ఇంతకు మించి నేను కోరుటలేదు. మొదటి దినముననే ఉక్కుచక్రములు త్రిప్పనక్కరలేదు. ఒకదానినొకటి గీతదాటించు చిన్నబండ్లతో మొదలిడవచ్చును. పెద్దల కనుసన్నలలో, గోడ చాటున, సంకేతము తెగినచో ఆగునను పరీక్షకు నిలిచిన పిమ్మటనే ఏ యంత్రమైనను కదలవలెనను కట్టుబాటు మాత్రము మొదటి దినమునుండియే ఉండవలెను.

అట్టి గదిలో పిల్లవాడు నేర్చుకొనునది యుద్ధవిద్య యని ఎవరైన భయపడినచో, ఆ తాత మాటను వారికి గుర్తుచేయుదును. మూడు నిమిషములలో విరిగినదానిని, గడియారము తరుముచుండగా, చేతులు వణకకుండ, ఏది ముందు ఏది వెనుక యని నిశ్చయించుకొని, ఒకడు పట్టుకొనగా మరియొకడు బిగించి, తిరిగి నిలువబెట్టుట, ఇదియే ఆ గదిలోని పాఠము. జీవితమున మా జనులకు ఎన్ని మారులు అవసరమైన విద్య యిది! వరదలో నూలు తడిసినప్పుడు, కరెంటు నిలిచినప్పుడు, బేరము పడిపోయినప్పుడు, ఒక ఊరు విడిచి మరియొక ఊరు చేరవలసినప్పుడు, వారు తెగినచోటనే కూర్చుండి ఏడ్వలేదు. కొసలు వెదకి పట్టుకొని ముడివేసినారు.

మొన్న మరల ఆ అరుగు ముందుగా పోవుచు చూచితిని. అరుగుమీద పాత పత్రిక పరచి, దానిమీద వైపరు మోటారు ఒకటి విప్పి పెట్టినారు. మనుమడు ఫోను వెలుగు పట్టుకొనగా, తాత తన పాత పానాతో, కన్నులు చిట్లించి, ఒక మరను తడిమి తడిమి బిగించుచున్నాడు. "ఇంకో సుట్టు తిప్పాల్నా తాతా?" అని పిల్లవాడడిగినాడు. "ఇంకో అరసుట్టు. గంతకంటె ఎక్కువ బిగిస్తె ఇరుగుతది," అన్నాడాయన. ఎంతవరకు బిగింపవలెనో, ఎచ్చట ఆపవలెనో నలుబదియేండ్లు ఆ వ్రేళ్లు కూడబెట్టిన లెక్క, ఆ క్షణమున ఒక చేతినుండి మరియొక చేతికి మారుటను నేను కన్నులార చూచితిని. అప్పుడే రాత్రి పాళీ మొదలై, వీధి పొడుగునను సాంచాలు ఒక్కొక్కటిగా అందుకొన్నవి. ఆ మ్రోతలో వారి మాటలు నాకు వినబడలేదు. చేతులు మాత్రము ఆగలేదు.